గట్టు మీద పార్కు: ముందు నిర్వహణ నిధి, తర్వాతే శిలాఫలకం

(రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద చరిత్ర పార్కు కోసం విరాళాలు సేకరించాలని ఒక సేవా క్లబ్బు తలపెట్టింది. ఆ సమావేశంలో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీరు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాశాం.)

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా ఉన్న మీ అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ముందు వరస కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. విరాళాల మీటింగంటే ముందు వరసలో ఎవరూ కూర్చోరని నాకు తెలుసు. రండి, పర్వాలేదు. ఇవాళ నేను జేబులో చెయ్యి పెట్టమని అడగను. అంటే, చివర్లో అడుగుతాను. ఇప్పుడే కాదు.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సార్, మీరు చరిత్ర గురించి కాసేపు మాట్లాడండి, డబ్బు సంగతి తర్వాత మేం చూసుకుంటాం" అన్నారు. సరేనన్నాను. కానీ ఆలోచిస్తే ఈ రెండూ వేరువేరుగా మాట్లాడుకునేవి కాదనిపించింది. ఏ చరిత్ర చెబుతామో తేలితే ఎంత డబ్బు కావాలో తేలుతుంది. ఎవరిని అడగాలో తేలుతుంది. ఎవరిని ఏ పనికి అడగకూడదో కూడా తేలుతుంది. అందుకని రెండూ కలిపే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

గోడ మీద పెట్టిన ప్లాన్ చూశాను. వేసిన కుర్రాడు బాగా వేశాడు. ముఖద్వారం ఉంది. గుర్రం మీద కాటన్ దొర ఉన్నాడు. ఫౌంటెన్ ఉంది, సెల్ఫీ పాయింటు ఉంది, రాత్రి వెలిగే అక్షరాలు ఉన్నాయి. పక్కనే ఖర్చుల పట్టిక కూడా ఉంది. ముఖద్వారానికి ఇంత, విగ్రహానికి ఇంత, లైట్లకి ఇంత. ఆ పట్టికని నేను పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. నిర్వహణ అని ఒక్క గీత లేదు. ఇది చరిత్ర పార్కు అంటున్నాం కదా, చరిత్రకి కూడా ఒక్క గీత లేదు.

ఇంకో ప్రశ్న ముందే తేల్చుకోవాలి. గోదావరి ఒడ్డుకి ప్రభుత్వం డబ్బు పెడుతూనే ఉంది కదా, మధ్యలో మన క్లబ్బు దేనికి? అఖండ గోదావరి ప్రాజెక్టుకి 2025 జూన్‌లో శంకుస్థాపన అయింది. 94 కోట్ల పైచిలుకు పని. మన పాత రైలు వంతెన హేవలాక్, పుష్కర ఘాట్ అన్నీ అందులో ఉన్నాయి. 2027లో పుష్కరాలు కూడా వస్తున్నాయి, ఘాట్ల పనులు ఎలాగూ జరుగుతాయి. మనం ఎంత పోగుచేసినా ఆ అంకె ముందు ఎంత? అందుకని వాళ్ళు కట్టేవాటితో పోటీ వద్దు. ముఖద్వారం వాళ్ళు మనకంటే పెద్దది కట్టగలరు. ఒక చిన్న జాగా తీసుకుని, అందులో రాసిన ప్రతి మాటా సరిగ్గా ఉండేలా చూసుకుని, రోజూ ఊడ్చి, రోజూ నీళ్ళు పోసి, పదేళ్ళ తర్వాత కూడా అలాగే ఉంచడం. ఇది మనం చెయ్యగలం. కోట్లు పెట్టినా పెద్ద ప్రాజెక్టుల్లో జరగనిది ఇదే.

ఇప్పుడు చరిత్రకి వస్తాను.

కాటన్ విగ్రహం వద్దని నేను అనడం లేదండీ. ఆయన తవ్వించిన కాలవల మీద జీతం తిన్నవాణ్ణి, నేనెలా అంటాను? కానీ డెల్టాలో కాటన్ విగ్రహం లేని ఊళ్ళు వెతుక్కోవాలి. మనం ఇంకొకటి పెడితే కొత్తగా ఎవరికేం తెలుస్తుంది? ఒక చిన్న పరీక్ష పెడతాను. ధవళేశ్వరంలో మనం ఇప్పుడు కార్లో దాటి వెళ్ళే బ్యారేజీ కాటన్ కట్టిందే అనుకుంటున్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, చాలానే లేచాయి. మొహమాటపడి ఎత్తనివాళ్ళని కూడా కలుపుకుందాం.

కాటన్ కట్టింది ఆనకట్ట. 1847లో మొదలై 1852కి పూర్తయింది. అక్కడ నది లంకల మధ్య నాలుగు పాయలుగా పోతుంది, అందుకని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. రాతి కట్ట. వరదొస్తే నీళ్ళు దాని మీంచే పొర్లి పోవాలి. వరసగా గేట్లున్న ఇప్పటి బ్యారేజీ 1970లలో కట్టడం మొదలై 1982కి తయారైంది. దానికి ఆయన పేరు పెట్టుకున్నాం. ఈ నాలుగు మాటలూ ఒక రాయి మీద తప్పులేకుండా చెక్కిస్తే గుర్రం బొమ్మకంటే ఎక్కువ పనిచేస్తుందా లేదా, మీరే చెప్పండి.

సరే, ఆ ఆనకట్టకి రాయి ఎక్కడిది? ధవళేశ్వరం కొండది. కొండ నుంచి ఏటి ఒడ్డుకి రాళ్ళు చేర్చడానికి పట్టాలు వేశారు. 1853లో బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్రయాణికుల రైలు నడిచిందని పిల్లలు బడిలో చదువుకుంటారు. అంతకుముందే మన ధవళేశ్వరంలో పట్టాల మీద రాళ్ళ బళ్ళు నడిచాయి. ఇది మన ప్లాన్‌లో ఎక్కడుంది? పిల్లల్ని తీసుకొచ్చే మాస్టారికి ఇంతకంటే మంచి పాఠం దొరుకుతుందా?

ఆ రాయి కొట్టిందెవరు, మోసిందెవరు? వేలమంది కూలీలు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు, మనం ఇప్పుడు కనిపెట్టలేం. ఒక్క పేరు మాత్రం ఉంది, వీణెం వీరన్న గారు. కాటన్ పక్కనే ఉండి, కూలీలను కూడగట్టి, పని నడిపించిన మనవాడు. ఈ హాల్లో ఆయన పేరు విన్నవాళ్ళు ఎంతమంది? ముగ్గురు, నలుగురు. వాళ్ళలో ఇద్దరు మా డిపార్ట్‌మెంటు వాళ్ళే.

ఆ కూలీలు ఎలాంటి రోజుల్లోంచి వచ్చారో కూడా చెప్పాలి. 1832-33లో ఈ తీరమంతా కరువు. గుంటూరు వైపు దాన్ని డొక్కల కరువు అన్నారు. 1839లో కోరింగ మీద తుపాను పడింది. పక్కనే ఇంత నది సముద్రంలోకి పోతుంటే జనం తిండి లేక చచ్చిపోయారు, బతికినవాళ్ళు ఊళ్ళు వదిలిపోయారు. ఆనకట్టకి రాయి మోసినవాళ్ళలో ఆ కరువు కళ్ళారా చూసినవాళ్ళు ఉండే ఉంటారు. ఇవాళ ఆ నీళ్ళ కింద పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. ఆ అంకె రాసేటప్పుడు ఆ కరువు కూడా పక్కనే రాయాలి. లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

ఇంకొకరున్నారు. లస్కర్లు, అంటే కాలవల మీద షట్టర్లు ఎత్తి దించే సిబ్బంది. మా శాఖలో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. లాకుల దగ్గర, రెగ్యులేటర్ల దగ్గర, అర్ధరాత్రి వరద కబురు వస్తే లాంతరు పట్టుకుని షట్టర్ల దగ్గరికి పరిగెత్తింది లస్కరు. మేం జీపులో వెళ్ళేసరికి అతను సగం పని చేసి ఉండేవాడు. కాటన్‌కి విగ్రహం, మంత్రి గారికి శిలాఫలకం, లస్కరుకి ఏమీ లేదు. మన పార్కులో ఒక లస్కరు బొమ్మ పెడదాం. నిలువెత్తు బొమ్మ. గుర్రం అక్కర్లేదు కాబట్టి ఖర్చు కూడా తగ్గుతుంది.

హేవలాక్ వంతెన గురించి తక్కువే చెబుతాను, అందరికీ ఇష్టమైన సంగతే కాబట్టి. 1897లో పని మొదలై, 1900లో రైలు నడిచింది. 56 ఖానాలు. 1997లో రైళ్ళు ఆపేశారు. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. పిల్లలకి చెప్పాల్సింది వంతెనకి ముందు ఏం జరిగేదో. మద్రాసు వైపు నుంచి వచ్చే ప్రయాణికుడు కొవ్వూరులో రైలు దిగాలి, గోదావరిని నీళ్ళ మీద దాటాలి, ఇటు ఒడ్డున మళ్ళీ రైలెక్కాలి. మూటాముల్లే, పిల్లాపాపలు, ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీళ్ళు. అది ఊహించుకున్నాక వంతెనని చూడమనండి, అప్పుడు తెలుస్తుంది అదేమిటో.

కందుకూరి వీరేశలింగం గారి బోర్డు ఎలాగూ ఉంటుంది. ఉండాలి. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళో మొదటి వితంతు వివాహం జరిపించారు, గోగులపాటి శ్రీరాములు గారికి. అయితే పార్కు పెట్టేది ఏటి ఒడ్డున కదా, అక్కడ నేను ముందు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారి పేరు రాయిస్తాను. ఊరంతా వెలేసినప్పుడు ఇంట్లో వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. ఆవిడే వంట చేసింది, ఆవిడే ఈ గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసింది. ఉపన్యాసాలు ఆయన ఇచ్చారు, నీళ్ళు ఆవిడ మోసింది. అమ్మలంతా నవ్వుతున్నారు. నవ్వండి, మీకు తెలిసిన కథే.

ఆ పెళ్ళిళ్ళకి డబ్బు ఎక్కడిదని ఎప్పుడైనా ఆలోచించారా? పుస్తకాలమ్మితే పెళ్ళిళ్ళు కావు కదా. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు ఇచ్చారు. సంఘం వెలేస్తుందని తెలిసి ఇచ్చిన డబ్బు అది. ఈ కథ మీకు చెప్పడానికి నాకు వేరే కారణం కూడా ఉంది, మీరు గ్రహించే ఉంటారు. విరాళం ఇచ్చేవాడు కూడా చరిత్రలో ఉంటాడు. కాకపోతే ఆయన ఫలకం మీద పేరు చూసుకుందామని ఇవ్వలేదు.

ఒక్క సంగతి చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది, అయినా చెబుతాను. 2015 జూలై 14. పుష్కరాల మొదటిరోజు ఇక్కడ తొక్కిసలాటలో స్నానానికి వచ్చిన యాత్రికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కమిటీలో ఒకరిద్దరు అది వద్దండీ, అశుభం అన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ చరిత్ర పార్కు అని పేరు పెట్టుకుని, మన కళ్ళముందు జరిగినది వదిలేసి, రాజరాజ నరేంద్రుడి దగ్గర మొదలుపెట్టి కాటన్ దగ్గర ఆపేస్తే ఎలా? నిందలు రాయక్కర్లేదు. ఒక చిన్న రాయి, తేదీ, ఒక్క వాక్యం. మళ్ళీ పుష్కరాలకి వచ్చేవాళ్ళు చదవాలి. ఘాట్లు నడిపేవాళ్ళు మరీ చదవాలి. దీని మీద ఓటింగు పెట్టండి, నా ఓటు మాత్రం ఇప్పుడే చెప్పేశాను.

ఇప్పుడు ఇంజినీరు మాటలు కొన్ని. బోరు కొడితే చెప్పండి.

ఇది ఏటిగట్టు. పార్కు కోసం వేసిన మట్టి దిబ్బ కాదు. ఊరు మునగకుండా ఆపేది అదే. కాబట్టి ముందు జలవనరుల శాఖ అనుమతి, రాతపూర్వకంగా. ఎమ్మెల్యే గారు చెప్పారు, కమిషనర్ గారు సరే అన్నారు అంటే కుదరదు. కాగితం రాకుండా ఒక్క రూపాయి కూడా వసూలు చెయ్యకండి. అనుమతి రాకపోతే ఆ డబ్బు ఎవరికి తిరిగివ్వాలి, ఎలా ఇవ్వాలి? ఆ టెన్షన్ మనకెందుకు?

రెండోది చెట్లు. కడియం మన పక్కనే ఉంది. నర్సరీల వాళ్ళు మొక్కలు ఉచితంగా ఇస్తామన్నారట, సంతోషం. కానీ గట్టు మీద రావి, మర్రి, వేప, ఏదీ పెద్ద చెట్టు నాటకండి. దాని వేరు గట్టులోకి దిగుతుంది. చెట్టు చచ్చాక ఆ వేరు కుళ్ళి లోపల సొరంగం అవుతుంది. వరద రోజున నీరు ఆ దారినే పట్టుకుంటుంది. గట్టుకి గడ్డి మంచిది, పచ్చిక మంచిది, చిన్న పూలమొక్కలు మంచివి. నీడ కావాలంటే చెట్లు గట్టుకి ఊరి వైపు, దిగువన, శాఖ వాళ్ళు గీత గీసి చూపించిన చోట. మొక్కలు ఇచ్చేవాళ్ళకి ఈ జాబితా ముందే ఇస్తే వాళ్ళూ సంతోషిస్తారు.

మూడోది వరద. ఏటి వైపు మెట్ల మీద ఏది పెట్టినా అది మునుగుతుందని అనుకునే పెట్టాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలు ఈ ఊళ్ళో పుట్టినవాడికి ఫోన్ నంబరులా నోటికి రావాలి, కానీ రావు. అందుకే ఒక వరద స్తంభం పెడదామంటున్నాను. దాని మీద పెద్ద వరదలు రాద్దాం. 1953లో 30 లక్షల క్యూసెక్కులు, 1986లో 35 లక్షలు, 2006లో 28 లక్షల పైన, 2022లో 25 లక్షల పైన. 86 వరద చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మన మనవలకి చెబితే నమ్మరు. స్తంభం పెడితే నమ్ముతారు. దానికయ్యే ఖర్చు ముఖద్వారం ఖర్చులో ఏ మూలకీ రాదు.

అలాగే ఫ్లెక్సీలు వద్దు. ఫైబరు బొమ్మలు వద్దు. ఫ్లెక్సీ ఎండకి ఒక్క వేసవిలో తెల్లబడిపోతుంది. గ్రానైటు మీద చెక్కించండి. వరదొస్తే ఒండ్రు పడుతుంది, పైపుతో కడిగితే మళ్ళీ అక్షరాలు కనిపిస్తాయి. చెక్కించే ముందు మేటరు కనీసం ఇద్దరు చదవాలి, ఒకరు చరిత్ర తెలిసినవారు, ఇంకొకరు తెలుగు బాగా వచ్చినవారు. రాతి మీద అచ్చుతప్పు తరతరాలు ఉంటుందండీ.

ఇంకోటి, ఇది పనుల సంగతి కాదు, మనుషుల సంగతి. మనం చూసిన జాగా పక్కన పడవలు కట్టుకునేవాళ్ళున్నారు. వలలు ఆరబెట్టుకునేవాళ్ళున్నారు. బట్టలుతికే రేవు ఉంది. ప్లాన్‌లో అక్కడ స్టీలు రెయిలింగు గీశారు. నదీ చరిత్ర పేరు చెప్పి, నది మీద బతుకుతున్నవాళ్ళని అవతలికి నెట్టేస్తే అంతకంటే పెద్ద వెటకారం ఉంటుందా? గోదావరి జిల్లాల వాళ్ళం, వెటకారం మనకి కొత్తేమీ కాదు, కానీ ఇది వద్దు. రెయిలింగు అక్కడ ఆపేయండి. వాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడండి. పడవల గురించి బోర్డులో ఏం రాయాలో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

సరే, డబ్బు.

పేరు చెప్పను. ఒక ఊళ్ళో ఏటి ఒడ్డున ఒక పార్కు చూశాను. ప్రారంభం రోజున బాణసంచా కాల్చారట. నేను వెళ్ళేసరికి ఫౌంటెన్‌లో దోమలు, లైట్లకి వైర్లు లేవు, గేటుకి తాళం. తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఫలకం మీద పేర్లు మాత్రం బంగారు రంగులో మెరుస్తున్నాయి. ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. పందిరి ఘనంగా వేసి, పెళ్ళి ఘనంగా చేసి, కాపురానికి బియ్యం లేకుండా పంపినట్టుంటుంది.

లెక్క వేద్దాం. ఒక వాచ్‌మన్, ఒక తోటమాలి, కరెంటు బిల్లు, నీళ్ళ మోటారు, వరద పోయాక బురద ఎత్తించడం. బ్యాంకులో వందకి ఆరున్నర వడ్డీ వస్తుందనుకోండి. ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ రావాలంటే పదిహేను లక్షల పైన డిపాజిట్ వెయ్యాలి. లక్షతో ఏమవుతుంది? ఒక్క వాచ్‌మన్ జీతానికే చాలదు. కాబట్టి మూలనిధి ఎంత పెద్దది కావాలో మీరే ఊహించుకోండి. వడ్డీ మాత్రమే వాడాలి, అసలు ముట్టుకోకూడదు. అది ట్రస్టు పత్రంలోనే రాయాలి. ఏ అధ్యక్షుడొచ్చినా మార్చలేకుండా రాయాలి. మన్నించాలి అధ్యక్షులు గారూ, మిమ్మల్ని ఉద్దేశించి కాదు. మన క్లబ్బులో ఏడాదికొకరు మారతారు, ప్రతివారికీ ఒక కొత్త ప్రాజెక్టు మీద మనసు పోతుంది. అందుకని అంటున్నాను.

ఇక్కడే అసలు చిక్కు ఉంది, కొంచెం జాగ్రత్తగా వినండి. అందరూ ఏమంటున్నారు? "కంపెనీలని అడుగుదాం, సీఎస్‌ఆర్ ఉంది కదా" అంటున్నారు. ఉంది. ఏడాదికి నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సేవా పనులకి ఖర్చుపెట్టాలి. వారసత్వ సంపద, కళలు, చారిత్రక స్థలాలు ఆ పనుల జాబితాలో ఉన్నాయి. మన ఊళ్ళో కాగితం మిల్లు ఉంది, ఓఎన్‌జీసీ ఉంది. అడగొచ్చు, అడగాలి. దానికి మన ట్రస్టు ముందు సీఎస్‌ఆర్ కోసం రిజిస్టరు చేయించుకోవాలి, అది ఆడిటరు గారు చూసుకుంటారు. కానీ ఆ డబ్బు మూలనిధిలో వేసుకోవడానికి 2021 నుంచి వీల్లేదు. కంపెనీ డబ్బు పని మీద ఖర్చు కావాలి, బ్యాంకులో పడుకోకూడదు. అర్థమైందా అండీ? అంటే కంపెనీ రాళ్ళు చెక్కిస్తుంది, బెంచీలు వేయిస్తుంది, ఆ బెంచీలని ఇరవై ఏళ్ళు తుడిచే మనిషి జీతానికి మూలనిధి ఇవ్వదు. అది ఇవ్వాల్సింది ఈ గదిలో ఉన్నవాళ్ళు. వ్యక్తులు. మీరూ నేనూ.

అందుకే మన వసూలు తలకిందులు చేద్దామంటున్నాను. మామూలుగా సభ్యులు ముఖద్వారానికి ఇస్తారు, నిర్వహణ మున్సిపాలిటీ చూసుకుంటుందిలే అనుకుంటారు. మనం సభ్యుల డబ్బంతా నిర్వహణ మూలనిధికి వేద్దాం. కట్టే పనికి కంపెనీల దగ్గరికి, ఆర్ట్స్ కాలేజీ పూర్వ విద్యార్థుల దగ్గరికి వెళదాం. ఆ కాలేజీ మొదలైంది 1853లో, ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడు. ఒక్కో బ్యాచి ఒక్కో రాయి తీసుకోమందాం. లస్కరు బొమ్మ మా ఇంజినీర్లు తీసుకుంటారు. వాళ్ళని ఒప్పించే పూచీ నాది. మూలనిధి అనుకున్నంత పోగయ్యేదాకా పునాది తవ్వొద్దు. ఆలస్యమవుతుందా? అవుతుంది. పుష్కరాలకి అందకపోవచ్చు. అందకపోతే ఏం? గోదావరి ఎక్కడికీ పోదు.

పన్ను సంగతి. మన ట్రస్టుకి 80జీ ఉంది, అంటే విరాళం ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు వస్తుంది. అయితే నగదు రెండు వేలు దాటి ఇస్తే మినహాయింపు రాదు. చెక్కో, ఫోన్లోంచో, బ్యాంకు ద్వారా ఇవ్వండి. కొత్త పన్ను విధానంలోకి మారినవాళ్ళకి ఈ మినహాయింపు లేదు, ఆ మాట దాచిపెట్టి వసూలు చెయ్యకండి. తర్వాత వాళ్ళ ఆడిటరు చెబితే మన పరువు పోతుంది.

అమెరికాలో అబ్బాయి, ఆస్ట్రేలియాలో అమ్మాయి ఉన్నవాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉంటారు. "వాళ్ళని అడిగితే డాలర్లలో పంపుతారు" అని మొన్న ఎవరో అన్నారు. జాగ్రత్త. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, భారత సంతతివాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కింద లెక్క. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. మనకి రెండూ లేవు. అందుకని ముందు పాస్‌పోర్టు ఏదో అడిగి తెలుసుకోండి. ప్రేమకొద్దీ పంపిన డబ్బుకి నోటీసు వస్తే ఇచ్చినవాళ్ళూ బాధపడతారు, పుచ్చుకున్నవాళ్ళూ బాధపడతారు.

సంగీత విభావరి పెడదామన్న ప్రతిపాదన ఉంది. పెట్టండి, పాటలు నాకూ ఇష్టమే. కానీ హాలు అద్దె, ఆర్కెస్ట్రా, భోజనాలు, శాలువాలు పోగా ఏం మిగులుతుందో ముందు కాగితం మీద వెయ్యండి. చాలా విభావరుల్లో చివరికి మిగిలేది శాలువాలే. దానికంటే ఆదివారం పొద్దున్నే ఘాట్ల వెంబడి చరిత్ర నడక పెడదాం. ఖర్చు లేదు. మార్కండేయ గుడి దగ్గర బయలుదేరి నడుస్తూ, ఎక్కడ ఏ రాయి వస్తుందో అక్కడ నిలబడి ఆ కథ చెబుదాం. విన్నవాడు ఇస్తాడు. వినకుండా ఇచ్చినవాడు మళ్ళీ ఆ గట్టు మీదికి రాడు.

ఇక పేర్ల సంగతి. మన ఊళ్ళలో సీలింగు ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు ఉంటుంది. మూడు రెక్కలకి మూడు పేర్లు, ఫ్యాను తిరిగితే ఒక్కటీ కనిపించదు. పార్కులో బెంచీ మీద, కుండీ మీద, చెత్తబుట్ట మీద పేర్లు వద్దు. గేటు పక్కన ఒకే గోడ. అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో, అకారాది క్రమంలో, అంకెలు లేకుండా. అయిదు వందలు ఇచ్చిన ఆటో డ్రైవరు పక్కన అయిదు లక్షలు ఇచ్చిన డాక్టరు గారు ఉంటారు. డాక్టరు గారూ, మీరు తల ఊపారు, నేను చూశాను. థాంక్యూ అండీ. లెక్కలు మాత్రం దాచొద్దు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, వడ్డీ ఎంత, మూడు నెలలకోసారి అదే గేటు దగ్గర బోర్డు మీద అంటించాలి.

వెనక నుంచి ఒకాయన అడుగుతున్నారు, ఫౌంటెన్ పూర్తిగా తీసేస్తారా అని. నన్నడిగితే తీసేయమంటాను. అవతల అంత గోదావరి పెట్టుకుని ఇవతల మోటారు పెట్టి నీళ్ళు చిమ్మడం దేనికండీ? సెల్ఫీ పాయింటు ఉంచండి, పిల్లలు తిట్టుకుంటారు. దాన్ని వరద స్తంభం పక్కన పెడితే సరి, ఫొటోలో 86 నీటిమట్టం కూడా పడుతుంది.

ఫారాలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, తెల్లవి మూలనిధికి, పసుపువి కట్టే పనులకి. సభ్యులు తెల్లవే తీసుకోండి. అనుమతి కాగితం వచ్చేదాకా మాట మాత్రమే రాసివ్వండి, డబ్బు ఇవ్వకండి. పాన్ నంబరు తప్పకుండా రాయండి, అది లేకపోతే తర్వాత 80జీ సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్ళకి కష్టం. నేను టీ తాగేదాకా ఇక్కడే ఉంటాను, గట్టు గురించి ఏమైనా అడగాలంటే అడగండి. నమస్కారం.